అనిశ్చిత పరిస్థితుల దృష్ట్యా

"మావాడు ఇంజినీరింగేనండి," అన్నాడు దశరథరామయ్య, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

"సీటు రాకపోతే?" ఆశగా అడిగాడు దత్తాత్రేయ.

"రాకపోతే ఖాళీగా తిరుగుతాడు గానీ మీ హిస్టరీలో మాత్రం చేరడు. మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

దత్తాత్రేయ మంచినీళ్ళు తాగాడు. పొద్దుట్నుంచీ పరిటాలలో ఏ గడప తొక్కినా దొరికింది అదొక్కటే.

నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో ఆయన హిస్టరీ లెక్చరరు. చెప్పడానికి ఆయన ఎప్పుడూ సిద్ధమే, వినే నాథుడే లేడు. అది రెండువేల తొమ్మిది. ఇంజినీరింగ్ కాలేజీలు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. ఫీజు సర్కారే కడుతుందన్నారు. కౌన్సెలింగేమో ఇవాళ, రేపు అంటూ వాయిదాల మీద నడుస్తోంది. అది తేలేదాకా పిల్లలు ఎక్కడా చేరరు. తేలాక ఇక్కడ చేరరు.

పదిమంది లేకపోతే కోర్సు ఎత్తేస్తారు. కోర్సు ఎత్తేస్తే దత్తాత్రేయ బదిలీ మీద ఎక్కడో ఏజెన్సీలోని రంపచోడవరం వెళ్ళాలి. కొత్తింటికి మొన్ననే స్లాబు వేశాడు. భార్య వైదేహి ఊళ్ళోనే టీచరు. ఆవిడకి బదిలీ లేదు.

"వెళ్ళండి, నాకేం? అక్కడ చారు మీరే కాచుకోవాలి," అని తేల్చేసింది.

చారు సంగతి దేవుడెరుగు, ఆయనకి స్టవ్ వెలిగించడమే రాదు.

అలాగని యూనివర్సిటీ చేతులు ముడుచుకుని కూర్చుందనుకుంటే పాపం. సర్క్యులర్ పంపింది. "ప్రస్తుత అనిశ్చిత పరిస్థితుల దృష్ట్యా ప్రవేశాల గడువు పొడిగించడమైనది." ఎవరూ రాలేదు. మళ్ళీ పొడిగించింది. ఆ తర్వాత అదే దృష్ట్యా కనీస మార్కులు ఎత్తేసింది. ఇంకా అదే దృష్ట్యా, టీసీ ఎప్పుడిచ్చినా సరే అంది. తలుపు తీసింది, తలుపు ఊడబీకింది, ఇక గోడ పడగొట్టడమే తరువాయి.

దత్తాత్రేయ కీసర వెళ్ళాడు. అక్కడ నాగశ్రీ అనే అమ్మాయికి చేరాలనే ఉంది. వాళ్ళ నాయనమ్మ వెంకాయమ్మ అడ్డం పడింది.

"అయిపోయిన సంగతులు చదివితే ఇప్పుడు అయ్యేదేముందయ్యా?"

ఎం.ఏ., ఎం.ఫిల్. చదివిన మనిషి చెప్పులేసుకుని బయటపడ్డాడు. అక్కణ్ణుంచి ముక్త్యాల వెళ్ళాడు. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్రాళ్ళెవరైనా దొరుకుతారేమోనని గంటలకొద్దీ నిలబడి, లారీల దుమ్ము నెత్తినేసుకుని తిరిగొచ్చాడు.

అప్పుడొచ్చింది అసలు సర్క్యులర్. వయసు అడ్డు కాదు. ఉద్యోగం అడ్డు కాదు. ఇదివరకే డిగ్రీ ఉన్నా, మరోచోట చేరి ఉన్నా అడ్డు కాదు. హాజరు వారానికి ఒక్కరోజున్నా చాలు. గోడ కూడా పడిపోయింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతుంటే నందిగామ బస్టాండులో కృపారావు తగిలాడు. జగ్గయ్యపేట మనిషి, పాత స్నేహితుడు, యాభైకి దగ్గర పడ్డవాడు. ఆయన చెప్పుల మీదా ముక్త్యాల దుమ్మే. టీ తాగుతూ దత్తాత్రేయ తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు.

"దానికింత బెంగెందుకండీ? నేను చేరతా," అన్నాడు కృపారావు.

దత్తాత్రేయ టీ గ్లాసు కింద పెట్టాడు. "వేళాకోళమా?"

"ఒట్టు. నాలాంటివాళ్ళనే ఇంకో తొమ్మిదిమందిని తెస్తా. అందరూ బుద్ధిమంతులు. సోమవారం సోమవారం వస్తాం. కాకపోతే ఒక్క కండిషను."

అదేమిటో చెవిలో చెప్పాడు. దత్తాత్రేయ మొహం జేవురించింది.

"మరీ పరువు తక్కువేమోనండీ."

"పరువుకి పోతే చారు కాచుకోవాలి."

దత్తాత్రేయ కాసేపు బస్సులకేసి చూశాడు. రంపచోడవరం బోర్డేమీ కనపడలేదు గానీ, కనపడినట్టే అనిపించింది. సరేనన్నాడు.

సోమవారం పదిమందీ బెల్లుకి ముందే వచ్చి కూర్చున్నారు. ఇస్త్రీ బట్టలు, కళ్ళజోళ్ళు. ముందు బెంచీలో జయమణి అనే ఆవిడ ప్రతి మాటకీ తల ఊపింది. ఎవరూ ఆవులించలేదు, ఎవరూ కిటికీలోంచి చూడలేదు. పాఠం అవగానే ఒకాయన లేచి వెళ్ళి అలవాటుగా బోర్డు తుడిచేశాడు. దత్తాత్రేయకి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన పాఠం చివరిదాకా విన్న క్లాసు ఇదే.

యూనివర్సిటీ కూడా మురిసిపోయింది. "మెట్ట ప్రాంతంలో ఉన్నత విద్య పట్ల వెల్లువెత్తుతున్న ఆసక్తికి అభినందనలు" అంటూ ఉత్తరం రాసింది. ప్రిన్సిపాలు దాన్ని నోటీసు బోర్డుకి అంటించాడు.

సాయంత్రం ఇంటికి రాగానే వైదేహి అడిగింది.

"రంపచోడవరం తప్పినట్టేనా?"

"తప్పింది. రేపట్నుంచి నాకు క్యారేజీ కట్టు."

"కాలేజీ మన వీధి చివరేగా! క్యారేజీ ఎందుకండీ?"

"పరిస్థితులు అనిశ్చితంగా ఉన్నాయి," అన్నాడు దత్తాత్రేయ, ఆవిడ మొహం చూడకుండా.

మర్నాడు పొద్దున జగ్గయ్యపేటలో ఇంకో డిగ్రీ కాలేజీలో, పొలిటికల్ సైన్స్ లెక్చరర్ కృపారావు హాజరు పట్టీ తెరిచి మొదటి పేరు పిలవగానే, జయమణిగారి వెనక బెంచీలోంచి ఫస్టియర్ విద్యార్థి దత్తాత్రేయ లేచి నిలబడి, "ప్రెజెంట్ సార్!" అన్నాడు.