ఈల వినబడగానే

జూలై మూడు. ఇవాళ పొద్దున్నే మా పరుగుల మాస్టారు నవ్వడం చూశాను. వంద మీటర్ల చివర నిలబడి నేను పట్టిన స్టాప్‌వాచీలో అక్క టైమ్ 12.8 సెకన్లు వచ్చింది. నెల క్రితం 13.1. స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటుకు 12.9 చాలు. సెలక్షన్ రేపే.

“మెట్లెక్కించి ఎక్కించి నీ కాళ్లకు రెక్కలు మొలిపించానే!” అన్నారు మాస్టారు.

“రెక్కలు మీవి, బొబ్బలు నావి సార్,” అంది అక్క.

మధ్యాహ్నం క్లాసులో ధ్వని వేగం చెప్పారు. సెకనుకు సుమారు మూడు వందల నలభై మీటర్లు. సరదాగా లెక్క వేశాను. వంద మీటర్లు దాటడానికి దానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. నా పెన్ను అక్కడే ఆగిపోయింది.

నెల క్రితం దాకా మాస్టారు జెండా ఊపగానే వాచీ నొక్కేవాణ్ణి. ఆ జెండా చిరిగింది. అప్పటినుంచి ఆయన అక్కడ, అక్క పరుగు మొదలుపెట్టే చోట ఈల వేస్తున్నారు, నేనిక్కడ వినబడగానే వాచీ నొక్కుతున్నాను. ఈల నన్ను చేరేలోగా అక్క పరుగు మొదలైపోతోంది. అక్క వేగం పెరగలేదు. నేనే ఆలస్యంగా నొక్కాను. రేపు సెలక్షన్‌లో కొలిచేది యంత్రం.

సాయంత్రం చెబుదామని నోరు తెరిచాను. అక్క బూట్లకు కొత్త లేసులు ఎక్కిస్తోంది.

“ఒరేయ్, నాకొచ్చిన నర్సింగ్ సీటు వద్దని రాసిచ్చేశాను. ఇవాళే ఆఖరి రోజట. నీ వాచీ మీద అంత నమ్మకం నాకు!” అంది.

రేపు ఉదయం ఐదింటికి లేపమంది. ఈసారి ఒక్క క్షణం కూడా ఆలస్యం కాకుండా లేపుతాను.