గోడకు బుంగలు

“గోడకు తూట్లున్నయ్ సారూ,” అంది కొమురవ్వ, జీపుకు అడ్డంగా నిలబడి.

ఇంజినీరు కరుణాకర్‌రావుకు ఒక కాలు జీపులో, ఒక కాలు బురదలో ఉంది. వాగు ఒడ్డున ఎండిపోయిన తుంగ మడుగును మళ్లీ నీళ్లతో నింపాలని సర్కారు పని పెట్టింది. మడుగు నిండినా, వాగు పొంగినా ఊరు మునగకుండా వాటికీ ఊరికీ మధ్య గోడ కట్టించింది ఆయనే. నల్లటి ఫైబర్ రేకులు, ఒకదాని అంచులో ఒకటి ఇరికించి మిషనుతో భూమిలోకి దిగ్గొట్టినవి. పైకి కనబడేది మనిషి ఎత్తు. లోపల అంతకు రెండింతలు.

“ఉంటయ్. కావాలనే పెట్టినం,” అన్నాడాయన.

“కావాలనా?”

“అవుతల మూతలున్నయ్ గద. అవి బయటికే తెరుసుకుంటయ్. వాగు నీళ్లు లోపలికి రావు. నువ్వు ఫికర్ చెయ్యకు. వాటిని మాత్రం ఎవ్వరూ ముట్టద్దు.”

“మూత ఊడితే?”

“ఊడది.”

“బర్రె గీక్కుంటే?”

“వాగుల బర్రె ఎందుకుంటది, అవ్వా?”

“ఎండకాలం బర్రె వాగుల గాక యాడుంటది సారూ?”

కరుణాకర్‌రావు గడియారం చూసుకున్నాడు. కరీంనగర్‌లో మీటింగు ఉంది. జీపు పక్కనుంచి తిప్పుకొని వెళ్లిపోయింది.

గోడకు అందరికన్నా దగ్గర ఇల్లు కొమురవ్వది. ఇంట్లో కూతురు బాలలక్ష్మి బాలింత. ఆ రేకులు ఎండకు కరుగుతాయని వైశాఖంలో కొమురవ్వ భయపడింది. కరగలేదు. ఎలుకలు కొరుకుతాయని జ్యేష్ఠంలో భయపడింది. ఎలుకలు వాసన చూసి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆషాఢం. ఆమె నేరుగా హనుమండ్లు ఇంటికి నడిచింది.

హనుమండ్లు ఊరి నీరటి. చెరువు కట్టను కాపాడేదీ, తూము ఎత్తి దించేదీ అతనే.

“హనుమండ్లూ, గోడకు బుంగలున్నయ్. సారు కావాలనే పెట్టిండట.”

“కావాలనా?”

“నోటితోని అన్నడు. నేను కల్పిచ్చి చెప్తలేను.”

హనుమండ్లు కండువా దులిపి లేచాడు. ఆ ఊళ్లో కట్టకు బుంగ పడిందంటే ఎవరి పొలం, ఎవరి తప్పు అని అడగరు. ఇంటికో మనిషి, ఇంటికో గంప మట్టి. అతను నడి బజారులో ఒక్క కేక వేశాడు. పొయ్యి మీద అన్నం దింపేలోపు గంపలు వచ్చాయి. చెరువు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కారు. హనుమండ్లు నేల మీద బోర్లా పడుకొని, ఒక్కో తూటు గొట్టంలోకి భుజం దాకా చెయ్యి పెట్టి కూరాడు.

“సారు ముట్టద్దన్నడట గదా,” అని గంప మోసుకొచ్చిన సత్తమ్మ నసిగింది.

“సారు ఇల్లు కరీంనగర్‌ల ఉన్నది. గీడ నా బిడ్డ పండుకున్నది,” అంది కొమురవ్వ.

సత్తమ్మ గంప కుమ్మరించింది.

ఆ వారమే వాన పట్టుకుంది. తెల్లవారుతూ మొదలైంది, తెరిపి ఇవ్వలేదు. పగటి అన్నాల వేళకు నీళ్లు కొమురవ్వ వాకిట్లోకి వచ్చాయి. కాసేపటికి గడప దాటాయి. ఆమె కూతురి మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టింది.

“నేను చెప్తనే ఉన్న,” అంది.

“ఏం చెప్పినవే అవ్వా?” అంది బాలలక్ష్మి, పిల్లను ఒళ్లోకి తీసుకుంటూ.

“ప్లాస్టిక్ అని చెప్పిన.”

ఇటుకల మీద ఇంకో వరుస ఇటుకలు పెట్టింది. అవీ మునిగాయి. అప్పుడు పసిపిల్లను తన కొంగులో చుట్టుకొని, మరో చేత్తో కూతురి రెక్క పట్టుకొని బయటికి వచ్చింది. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. గోడ దగ్గర హనుమండ్లు చేతులతో తడుముతూ ఒక్కో బుంగా చూస్తున్నాడు.

“ఊడినయా?” అంది కొమురవ్వ.

“సుక్క గూడ కారుతలేదు ఒదినె. నేను పెట్టిన మట్టి ఎన్నడన్న ఊడిందా?”

“మరి గిన్ని నీళ్లు యాడికెళ్లొచ్చినయ్? వాగు గోడ మీదికెళ్లి పొర్లుతుందా? జర ఎక్కి చూడు. గా నీళ్లు గూడ మీద పడేటట్టుంటే పిల్లను పట్టుకొని పెద్దపల్లి రోడ్డెక్కుత.”

హనుమండ్లు రేకు అంచు పట్టుకొని పైకి లేచాడు. గోడ మీద పొట్ట ఆనించి అవతలికి తొంగి చూశాడు. కళ్ల మీది వాన నీళ్లు తుడుచుకొని మళ్లీ చూశాడు.

“చెప్పవేంది?” అంది కొమురవ్వ, పిల్లను తల మీదికి ఎత్తుకుంటూ. “ఎంతెత్తున్నది వాగు?”

“వాగుల కొంగలు నడుస్తున్నయ్ ఒదినె,” అన్నాడు హనుమండ్లు. “నీళ్లన్నీ మన దిక్కే ఉన్నయ్.”