పారెయ్ సార్

“పారెయ్,” అన్నాడాయన, ఆమె ఫోన్లో చూపించిన, బాక్టీరియా పెంచిన ప్లేటు ఫొటో సరిగ్గా చూడకుండానే.

ల్యాబ్‌లో అందరూ ఆయన్ని చాటుగా ‘పారెయ్ సార్’ అనేది ఇందుకే. ముప్ఫై ఏళ్లుగా ఆ ల్యాబ్‌కి ఆయనే పెద్ద. ఆయన సంతకం లేని రిపోర్టును సర్జన్ ముట్టుకోడు.

“మూడుసార్లు పెంచాను సార్. మూడుసార్లూ ఇదే మొలిచింది,” అంది టెక్నీషియన్.

“అంటే మూడుసార్లూ చేతులు కడుక్కోలేదన్నమాట. ఇది అందరి చర్మం మీదా ఉండే బాక్టీరియానే. నీ చేతి నుంచి పడింది. ప్లేటు తేలేదేం?”

“ల్యాబ్ గడప దాటించకూడదని మీరే కదా నేర్పారు.”

“నేర్పినవాటిలో అదొక్కటే బుర్రకెక్కినట్టుంది. మిషనేమంది?”

“గుర్తుపట్టలేనంది.”

“చూశావా! మిషనుకున్నపాటి నిజాయితీ నీకు లేదు.”

ఆమె పళ్లు బిగించింది.

“ఇది ఆ చర్మం మీదది కాదు సార్. పోలికే గానీ జాతి వేరు. ఈమధ్యే పేరు పెట్టారు. పుస్తకాల్లో రెండు పేరాలకు మించి లేదు. ఎముకలోకి దిగాక, ఇప్పుడిస్తున్న మందు దీన్ని గిచ్చను కూడా గిచ్చదు. పనిచేసే మందు ఇంకోటుంది, పరీక్ష చేసి చూశాను. మీరు ఊఁ అంటే సాయంత్రమే మార్చేస్తారు. లేదంటే రేపు పొద్దున్నే కాలు తీసేస్తారు.”

“తియ్యనీ.”

“మోకాలి పైదాకా సార్!”

“నాకేం చెవుడు లేదు.”

“కాలంటే గోరనుకుంటున్నారా, కత్తిరించి పడేయడానికి?”

“నోరు అదుపులో పెట్టుకో. నిన్నగాక మొన్న వచ్చి నాకు పాఠాలు చెబుతున్నావు.”

“సరే, చెప్పను. ఇది రోగం తెచ్చేదేనని ఒప్పుకోడానికి మీకేం అడ్డమో అది చెప్పండి.”

ఆయన కిటికీకేసి చూశాడు. గొంతు తగ్గింది గానీ కరుకుతనం తగ్గలేదు.

“ఇలాంటివి ఎన్ని చెత్తబుట్టలో వేయించానో నీకు తెలుసా? ఇప్పుడిది నిజమని సంతకం పెడితే, అప్పటి కాళ్లన్నీ ఎవరు తీయించినట్టు?”

“అందుకని ఈ కాలు కూడా పోవాలా?” అందామె.

“పెన్నిలా ఇవ్వు.”

ఆశగా ఇచ్చింది.

‘శాంపిల్‌లో బయటి నుంచి పడ్డ మలినం. లెక్కలోకి తీసుకోనక్కర్లేదు’ అని రాసి, సంతకం గీకి, కాగితం ఆమె మీదకి విసిరాడు.

“ఇక దయచెయ్. తలుపు వేసి మరీ పో.”

ఆమె వంగి ఆ కాగితం తీసి, ఆయన మంచం చివర వేలాడుతున్న కేసు షీటుకి తగిలించి, పొద్దున్నే తీసేయబోయే ఆయన కాలి మీంచి జారిన దుప్పటి సర్ది వెళ్లిపోయింది.