అంచు ముక్క

“యజమానికి మూడేళ్ల జైలు పడిందమ్మా. చేసుకున్నవాడికి చేసుకున్నంత!” అన్నాడు లాయరు, కోర్టు వరండాలోకి వస్తూనే.

మిషనులో పడి చనిపోయినవాడి భార్య ఆ మాట విన్నట్టే లేదు.

“జడ్జిగారి బల్ల మీద సంచిలో గుడ్డపేలిక పెట్టారు. అదేంటి లాయరుగారూ?”

“కొంప ముంచింది అదేగా! మిషను తలుపు తీస్తే మీట లేచి అది దానంతటదే ఆగాలి. మాటిమాటికీ పని ఆగుతోందని, యజమాని ఆ మీటను గుడ్డతో కట్టించేశాడు. అందుకే మీ ఆయన లోపలికి వంగినా అది ఆగలేదు.”

“ఆకుపచ్చ అంచు,” అందామె. “అది నా చీరే.”

లాయరు ఆమె వైపు తిరిగాడు.

“‘సారు గట్టి గుడ్డ తెమ్మన్నాడే’ అని ఆ రోజు పొద్దున్నే మా ఆయన అడిగాడు. అంచయితే తెగదని నేనే చింపిచ్చాను.”

“ఎందుకో నీకు తెలీదు కదమ్మా! తెలిసి కట్టించినవాడిదే పాపం.”

ఆమె తన చేతులకేసి చూసుకుంది.

“చీర నడుమంతా చివికిపోయింది బాబూ. ఆ చివికిన ముక్క ఇచ్చుంటే పుటుక్కున తెగేది.”