అయిపోయింది సార్

“అయిపోయింది సార్,” అంది టెస్టింగ్ అమ్మాయి తలుపు సందులోంచి తొంగిచూసి.

ప్రోగ్రాం చేసిన ప్రతి పనీ వరసగా నమోదయ్యే చిట్టా, అంటే లాగ్, చదువుతున్న పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పడేశాడు. ఒక్కో టెస్టు అవ్వగానే వచ్చి చెప్పాలని రూలు పెట్టింది ఆయనే. చెప్పినప్పుడల్లా మండిపడేదీ ఆయనే.

“ఎక్కడ చదువుతున్నానో పోయింది! మళ్లీ మొదటి నుంచి చూడాలి ఈ లాగ్ అంతా,” అని ఎదురుగా నిలబడ్డ ప్రోగ్రామరు మీద విరుచుకుపడ్డాడు. “నువ్వు ఫోర్క్ కమాండ్ పెట్టి, పని పంచడానికి ప్రోగ్రాంలోంచి పిల్ల ప్రాసెస్‌లని పుట్టించినప్పటి నుంచే ఈ గోల. సాయంత్రంలోగా తేలకపోతే నీ కోడ్ మొత్తం పీకేస్తా.”

“తేలింది సార్,” అంది ప్రోగ్రామరు. “పిల్ల తప్పేం లేదు. పని ముగించి, తనని పుట్టించిన తల్లి ప్రాసెస్‌కి కబురు పెడుతుంది, అంతే.”

“మరి తల్లి డేటా చదివే రీడ్ ఎందుకు ఫెయిలవుతోంది? అదీ నూటికోసారి?”

“సరిగ్గా డేటా కోసం చూస్తున్నప్పుడు ఆ కబురొస్తే రీడ్ మధ్యలో ఆగుతుంది. కొంప మునిగిందనుకుని తల్లి అన్నీ పారేసి మొదటికొస్తోంది. నిజానికి పోయిందేం లేదు. ఆగిన చోట మళ్లీ చదువుకుంటే చాలు.”

“ఇంతమాత్రం తెలియకుండా ఆ తల్లిని రాసిన మహానుభావుడెవరు?”

ప్రోగ్రామరు గోడ గడియారం వైపు చూసింది. సారు తల్లి కోడ్ ఉన్న ఫైలు తెరిచి మొదటి లైనుకి వెళ్లాడు. అక్కడ రాసినవారిగా తన పేరే ఉంది. గొంతు సవరించుకుని లాగ్‌లోకి తిరిగొచ్చాడు.

తలుపు మళ్లీ తెరుచుకుంది. “రెండోది కూడా అయిపోయింది సార్.”

సారు నోరు తెరిచాడు.

ఆయన స్క్రీన్ మీద, చదువుతున్న లైను పక్కన వేలు ఆనించాడు.

“మంచిదమ్మా,” అన్నాడు.

ఆ అమ్మాయి వెళ్లేదాకా వేలు తీయలేదు.