ఫైనల్ ముందు కొబ్బరికాయ

డెబ్భై నాలుగులో ఢిల్లీ తెలుగువాళ్ళ కబడ్డీ కప్పు మా కరోల్ బాగ్ జట్టుదే. ఆ తర్వాత ఈ ముప్ఫై రెండేళ్ళలో తొమ్మిదిసార్లు ఫైనల్‌కి వెళ్ళాం, తొమ్మిదిసార్లూ ఓడాం. ఫైనల్ రోజు కొట్టిన కొబ్బరికాయ ప్రతిసారీ కుళ్ళిపోయి ఉంటుంది. అది చూడగానే మావాళ్ళ కాళ్ళలో సత్తువ పోతుంది. జట్టుకి శాపం తగిలిందని అందరి నమ్మకం.

ఇవాళ పదో ఫైనల్. కప్పు గెలిచినప్పటి కెప్టెన్ భీమశంకరం చేతికర్రతో వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"ఒరేయ్ వరప్రసాద్, పోయేలోగా ఆ కప్పు ఇంకొక్కసారి ముట్టుకోవాలని ఉందిరా. ఎవడి ఉసురు తగిలిందో."

"అచ్ఛా, ఎవరిదంటావ్?"

"తెలిస్తే వెళ్ళి కాళ్ళు పట్టుకోనూ?"

నేను అడుగుపెడితే ఓడతామని, డెబ్భై నాలుగు ఫైనల్లో నన్ను మైదానం గేటు బయట నిలబెట్టింది ఈ మనిషే. కప్పుతో దిగిన ఫోటోలో నేను లేను. పాపం, మరిచిపోయాడు.

"కాయ తెచ్చావా? మొదట్నుంచీ నీ చేత్తోనే కదా," అన్నాడు.

తెచ్చాను. ఢిల్లీకి కొబ్బరికాయలు రోజుల తరబడి రైల్లో మగ్గి వస్తాయి, మంచిది దొరకడం కష్టమంటారు. చెడ్డది దొరకడమూ అంత తేలికేం కాదు. పొద్దున తోపుడుబండి దగ్గర పదకొండు కాయలు చెవి దగ్గర ఊపి పక్కన పెట్టాను. పన్నెండోదానిలో నీళ్ళ చప్పుడు లేదు. అదే తీసుకున్నాను.