చీపురు వేళ

"బట్టలు మడత పెట్టొద్దట, చాపలెక్క చుట్టాలెనట. మీ మేడమే చెప్పింది గద!" అంటూ రుక్మిణమ్మ బ్యాగులో మరో చుట్ట కుక్కింది.

సమత గుమ్మంలోనే నిలబడిపోయింది. యూట్యూబులో స్నిగ్ధ మేడమ్ చెప్పే ఇంటి చిట్కాలన్నీ తను చేసి చూస్తుంటే మూతి మూడు వంకర్లు తిప్పిన అత్త, ఇవ్వాళ మనవరాలి ప్రయాణానికి ఆ చిట్కాతోనే బ్యాగు సర్దుతోంది.

"జరుగు అత్తమ్మా, నేను సర్దుత."

"చెయ్యి పెట్టకు. నీ పనితనం చూస్తలేనా? వెనిగర్ పోసి తుడిస్తివి, తాండూరు బండలు తెల్లగ పాలిపోయె."

"సింకు సాఫ్ అయ్యిందా లేదా?"

"అయ్యింది. నిమ్మకాయకు లవంగాలు గుచ్చి దోమలకు పెడితివి, దోమలు దాని మీదనే కూసున్నయి."

ఇంకోరోజైతే సమత నవ్వేదే. ఇవ్వాళ నవ్వు రాలేదు. హాల్లో అల్లుడు శ్రీకాంత్ కారు తాళంచెవి టీపాయ్ మీద టకటకలాడిస్తున్నాడు. సమత కూతురు ప్రవళికను కాపురానికి తీసుకుపోవడానికి మొయినాబాద్ నుంచి పొద్దున్నే వచ్చాడు. సమత భర్త బాల్‌రాజ్ షాబాద్ పోతూ పోతూ చెప్పి పోయాడు: "పెద్దమనుషుల్ల మాట ఇచ్చిన. పొద్దుగూకే లోపల పిల్లను పంపుండ్రి."

ఆ పిల్ల లోపలి గదిలో గోడకేసి తిరిగి పడుకుంది. డ్యూటీకి పోయినప్పుడల్లా శ్రీకాంత్ బయట తాళం వేసి పోతాడు. దసరా నాడూ వేశాడు. లోపల ప్రవళిక ఏడుపు విని పక్కింటామె రోకలిబండతో ఆ తాళం పగలగొడితే, విరిగిన తాళం చేత పట్టుకునే ఆమె చేవెళ్లలోని పుట్టింటికి బస్సెక్కింది.

"ఇంక ఆపలేమా అత్తమ్మా?"

"సాగనంపుడే. ఎన్నాళ్లని చూస్తం?"

సమత ఆమె మొహంలోకి చూసింది. ఈ మాట అంటున్నది రుక్మిణమ్మేనా? ఎవరు ఊరికి పోయినా ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు. పోయినవాళ్ల వెనక ఇల్లు ఊడిస్తే మళ్లీ రారని ఆమెకు భయం. బాల్‌రాజ్ ఇలా గేటు దాటగానే చీపురు అలా సజ్జ ఎక్కాల్సిందే. ఇవ్వాళా ఎక్కింది. చుట్టాలు వెళ్లిన వెంటనే ఇల్లంతా ఊడ్చుకోవాలని స్నిగ్ధ మేడమ్ చెప్పిందంటే, "దాని ఇంటికి ఎవరూ మళ్ల రారు గావచ్చు" అని కొట్టిపారేసింది.

బ్యాగు జిప్పు గర్రున మూసుకుంది.

"లే శ్రీకాంతూ, తయారైంది" అంటూ రుక్మిణమ్మ బ్యాగును రెండు చేతులా ఎత్తి హాల్లోకి తెచ్చింది.

శ్రీకాంత్ నవ్వాడు. "అవ్వకున్న తెలివి ఇంట్ల ఎవ్వరికి లేదు" అని సమత వైపు ఓరగా చూశాడు. బ్యాగు తీసుకుపోయి కారు వెనక సీట్లో పడేశాడు. స్టీరింగు ముందు కూర్చుని హారన్ కొట్టాడు. "ప్రవళికా! జల్ది రా!"

"అది ఎందుకొస్తది?" అంది రుక్మిణమ్మ గేటు దగ్గర నిలబడి.

"మరి బ్యాగు?"

"తెరిచి చూడు."

అతను వెనక్కి వంగి జిప్పు లాగాడు. పైన విరిగిన తాళం. దాని కింద, అల్లుడు వస్తే కట్టుకోవాలని ఆ ఇంట్లో ఉంచిన లుంగీ, తువాలు, రెండు చొక్కాలు, పండుగకు కుట్టించిన కొత్త ప్యాంటు. అన్నీ చాపల్లా ముద్దుగా చుట్టి ఉన్నాయి.

"ఏందవ్వా, పరాష్కాలా, నవ్వులాటనా?"

"మీ అత్త ఫోన్ల ఒకామె చెప్తది. ఇంట్ల ఏది చూస్తే ఊపిరాడదో దాన్నే ముందుగాల సాగనంపుమని. ఇల్లంత దేవులాడిన. నువ్వొక్కనివే దొరికినవ్."

"మామ మాట ఇచ్చిండు!"

"ఇచ్చినోన్ని తీస్కపో. కొత్త తాళం కొని వానికే ఏస్కో."

శ్రీకాంత్ కారు తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు. అప్పటికే ప్రవళిక వచ్చి అవ్వ పక్కన నిలబడింది. మొహం ఉబ్బి ఉన్నా గొంతు వణకలేదు.

"నేను రాను."

"విన్నవా?" అంది రుక్మిణమ్మ. "ఇంకోపారి వస్తే పెద్దమనుషులుండరు బిడ్డా, ఠాణా ఉంటది."

సమత కూడా వెళ్లి కూతురికి అటుపక్క నిలబడింది. శ్రీకాంత్ ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. కాలు లోపలికి తీసుకున్నాడు. తలుపు ధడాలున పడింది.

కారు ఇంకా మలుపు తిరగనే లేదు.

"సమతా!"

"ఏందత్తమ్మా?"

"సజ్జ మీద చీపురు దించు."

సమత దించేదాకా కూడా ఆగలేదామె. చేతిలోంచి లాక్కుని, కొంగు నడుముకు చెక్కి, హాలూ వరండా వాకిలీ గేటు దాకా తనే ఊడ్చేసింది. ఆ చెత్తను చేటకెత్తి కారు పోయిన దిక్కుకే పారబోసింది.

దసరా వెళ్లిన ఆదివారం పోయిన శ్రీకాంత్, ఉగాది దాటినా మళ్లీ ఆ గడప తొక్కలేదు.